ఆదికర్షకులు: అమెరికా ప్రాచీనులును, అరకు కొండజనులును

అరకులోయలో సంతనాడు కొండదారుల వెంట దిగివచ్చు గంపలలో నేమేమి యుండునో యొకపరి లెక్కించి చూచినచో, ప్రపంచచరిత్రలో నొక గొప్ప యధ్యాయము కన్నులయెదుట నిలుచును. ఒక ప్రక్క చోళ్ళు, సామలు, కందులు, పసుపు, అల్లము. మరియొక ప్రక్క మొక్కజొన్నపొత్తులు, ఎండుమిరప, రాజ్మాచిక్కుడు, తీపిగుమ్మడి, చిలగడదుంప, టమాట, బొప్పాయి, అనాస. ఈ రెండవ వరుసలోనివన్నియు అమెరికాఖండమున బుట్టినవే. సీతమ్మ పేర మనము పిలుచుకొను సీతాఫలమునకు సైతము పుట్టినిల్లు అదియే. మన పచ్చళ్ళకు ప్రాణమైన మిరప పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. అంతకుముందు ఆంధ్రునకు కారమనగా మిరియమే.

ఈ పంటలను మనకిచ్చినవారెవరు? ఓడ నడపినవాడు వానిని తెచ్చినవాడు మాత్రమే, ఇచ్చినవాడు కాడు. అడవిగడ్డిని ఆహారముగా మార్చి, చేదుదుంపను తినదగినదానిగా జేసి, వేలయేండ్లు తరతరముల వారు విత్తన మేరి దాచి పెంచిన జనులు వేరే యున్నారు. వారిని గూర్చియు, మన యింటి ప్రక్కనే యట్టి దానము చేసియు గౌరవమునకు నోచుకొనని మన కొండజనులను గూర్చియు ఆలోచించుట యీ వ్యాసమున కుద్దేశము.

కనుగొనుట యన నేమి?

1492వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన కొలంబసు బహామా దీవులలో నొకదానిపై కాలు మోపెను. అతడు వెదకుచు బయలుదేరినది ఆసియాఖండమును, అందలి మన సుగంధద్రవ్యములను. తాను చేరినది ఆ ఖండపు అంచే యని తలంచి, అచ్చటి ప్రజలకు ఇండియనులని పేరు పెట్టెను. ఒకని భ్రమవలన పుట్టిన యాపేరు, మన దేశమునకు చెందిన యాపేరు, అయిదు శతాబ్దములుగా కోట్లకొలది జనులను అంటిపెట్టుకొన్నది. కొలంబసు అమెరికాను కనుగొనెనని మన బాలురు నేటికిని వల్లించుచున్నారు. అతడు కనుగొనునాటికి అచ్చట మనుష్యులు పదునాలుగువేల యేండ్లకు మించి కాపురముండిరి. రాజ్యములుండెను, నగరములుండెను, పంచాంగము లుండెను. నిండుగా జనమున్న యింటిలోనికి జొరబడి, ఈ యిల్లు నేను కనుగొంటిననినవానిని మన గ్రామములలో నేమందురో చదువరులకు చెప్పనక్కరలేదు.

ఈ భాష కొలంబసుతో నాగలేదు. 1911లో హిరాం బింగ్‌హాం అను అమెరికను ఆచార్యుడు పెరూదేశపు పర్వతములలో మాచు పిచ్చు అను ఇంకాలనాటి నగరమును కనుగొనెనని లోకమంతయు చెప్పుకొన్నది. ఆయన పోవునప్పటికి ఆ శిథిలముల నడుమ రైతు కుటుంబములు నివసించుచు, పూర్వుల మెట్టుమళ్ళలోనే పంటలు పండించుకొనుచుండెను. దారి చూపినది ఒక రైతు బాలుడు.

మన అనంతగిరికొండల కథయు నిట్టిదే. బొర్రా గుహలను భూగర్భశాఖకు చెందిన విలియం కింగు అను దొర కనుగొనెనని చూడవచ్చినవారికి చెప్పుచుందురు. కొండపై మేయుచున్న ఆవు పైనున్న బిలములోనుండి గుహలో పడి బ్రతికిబయటపడుట, దానిని వెదకుచు పోయిన కాపరి లోపల శిలారూపమున వెలసిన లింగమును చూచుట, ఆవు పేర గోస్థని యని నదికి పేరు వచ్చుట, ఈ కథనంతటిని ఆ చుట్టుపట్ల గ్రామములవారు తమ పెద్దలవలన విని చెప్పుకొనుచునేయున్నారు. శివరాత్రికి దీపము పెట్టుకొను చోటును మరియొకడు వచ్చి కనుగొనుటయా? కనుగొనుట యనుమాటకు, ఎరిగినవారిని లెక్కలోనికి తీసికొనకుండుట యనియే యిచ్చట అర్థము.

నాగలిలేని నాగరికత

యూరపువారు రాకముందు అమెరికాలో నేమున్నది? పెరూదేశపు సముద్రతీరమునకు సమీపమున సూపే లోయలో కరాల్ అను నగరమున్నది. అందలి రాతిమేడలు ఈజిప్టు పిరమిడ్లు లేచిన కాలమునకు చెందినవి. మెక్సికోకు ఆగ్నేయమునను, గ్వాటిమాలలోను మాయాజాతివారు సున్నను ఎరిగి లెక్కలు వ్రాసిరి. 365 దినముల వత్సరమును, 260 దినముల పర్వచక్రమును జతపరచి పంచాంగము కట్టిరి. తమ రాజుల చరిత్రలను శిలలపై చెక్కిరి. అజ్టెకులు 1325 ప్రాంతమున ఒక సరస్సు నడుమ టెనోచ్‌టిట్లాన్ నగరమును నిర్మించిరి. 1519లో దానిని చూచిన స్పెయిను సైనికులకు, అట్టి నగరము తమ దేశమున కలదా యని సందేహము కలిగెను. సరస్సు బురదతో వారు కట్టిన మళ్ళు ఏటికి పలుమారులు పంటనిచ్చుచు ఆ నగరమును పోషించెను. ఇంకాలు ఆండీస్ పర్వతముల పొడవునను 30,000 కిలోమీటర్లకు మించిన బాటలు వేసిరి. కొండవాలులను మెట్లుగా చెక్కి మళ్ళు చేసిరి. కరవు నాటికి ధాన్యపుకొట్లు నింపియుంచిరి. ఉత్తరమున మిసిసిపీనది యొడ్డున కహోకియా యను పట్టణమువారు గంపలతో మన్ను మోసి, వంద అడుగుల ఎత్తు గల దిబ్బను కట్టిరి.

ఈ పనులన్నిటియందును మన వ్యవసాయదారులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. వారికి ఎద్దు లేదు, గుర్రము లేదు, ఇనుము లేదు. ఆండీసులో లామా యను చిన్న మోతజంతువు తప్ప మరియొక సాయము లేదు. చక్రమును ఎరిగియు, లాగు పశువు లేనందున పిల్లల బొమ్మలకే వాడుకొనిరి. ఎద్దును, నాగలిని చూచి నాగరికతను కొలుచు మనకు ఇది యొక వింతయే. మనుష్యుని చేయి, గునపుకఱ్ఱ, విత్తనమును గూర్చిన జ్ఞానము: ఈ మూడే వారి పెట్టుబడి.

గడ్డినుండి పొత్తు

మొక్కజొన్న దేవుడిచ్చిన పంట కాదు, మనుష్యుడు చేసినది. దక్షిణ మెక్సికోలోని బల్సాస్ నదీలోయలో టియోసింటె యను గడ్డి నేటికిని మొలచుచున్నది. దాని కంకి వ్రేలెడు. గింజలు పది పండ్రెండు. ఒక్కొక్క గింజకును రాయివంటి పెంకు. తొమ్మిదివేల యేండ్లకు పూర్వమే అచ్చటి జనులు ఆ గడ్డిని చేరదీసి, పెద్ద గింజ గల కంకిని విత్తుకై దాచి, చిన్నదానిని తిని, యేటేట నట్లే చేయుచు పోయిరి. పెంకు పోయినది, కంకి పెరిగినది, వరుసలు నిండినవి. తుదకు మనుష్యుడు ఒలిచి విత్తనిదే మొలవనేరని పంట యేర్పడినది. మొక్కజొన్న నేడు ప్రపంచమున అన్నిటికంటె అధికముగా పండు ధాన్యము. దానిని చేసిన యొక్కరి పేరును లోకమునకు తెలియదు.

బంగాళదుంపయు నట్లే. అడవిదుంపలో విషపుచేదు కలదు. ఆండీస్ ప్రజలు టిటికాకా సరస్సు పరిసరములలో ఏడెనిమిదివేల యేండ్లనాడే దానిని సాగుకు తెచ్చిరి. రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్ళతో త్రొక్కి నీరు పిండి, ఎండబెట్టి, యేండ్లకొలది చెడకుండు దినుసుగా నిలువచేయుటయు నేర్చిరి. ఆ పర్వతములలో నేటికిని వేలకొలది దుంపరకములు గలవు. ఒక్కొక్క యెత్తునకు, ఒక్కొక్క నేలకు, ఒక్కొక్క తెగులునకు తగిన రకము వేరు.

మెక్సికోరైతు ఒకే చేనిలో మొక్కజొన్నను, చిక్కుడును, గుమ్మడిని కలిపి విత్తును. జొన్నకాడ చిక్కుడుతీగకు పందిరి. చిక్కుడువేరు నేలకు బలము. గుమ్మడియాకు నీడవలన తేమ నిలుచును, కలుపు అణగును. అడవిని కొంత నరికి కాల్చి, కొన్నియేండ్లు పండించి, పిమ్మట మరల అడవికే విడిచిపెట్టుట వారి పద్ధతి. ఈ వర్ణన చదివినప్పుడు విశాఖమన్య మెరిగినవారికి పోడు జ్ఞాపకమునకు రాకమానదు.

మన కొండలయందు

అనంతగిరి, అరకు, పాడేరు, ఆవల కోరాపుటు వరకు వ్యాపించిన తూర్పుకనుమలలో బగతలు, కొండదొరలు, కోందులు, పోర్జలు, గదబలు, కొటియాలు, వాల్మీకులు మొదలగు జనులు నివసించుచున్నారు. కోందుల కువి తెలుగునకు బంధువైన ద్రావిడభాష. గదబలలో నొక శాఖవారి గుటోబు ముండాభాషలలోనిది. కొటియాల వాడుక ఒరియాకు చేరినది. మూడు భాషాకుటుంబములు ఒక్క సంతలో బేరమాడుచున్నవి. ఇంతటి ప్రాచీనమిశ్రమము మైదానమున అరుదు.

వీరి పోడులో చోళ్ళు, సామలు, జొన్న, కంది, బొబ్బర్లు కలిపి విత్తుదురు. ఒకటి తప్పినను మరియొకటి దక్కును. కోత యొక్కసారి రాదు గనుక నెలలకొలది తిండి యుండును. వాగుగర్భములను రాతికట్టలతో మెట్లుగా మలచి వరి పండించు మళ్ళను కోరాపుటువైపు జోలా యందురు. నీరు పైమడినుండి క్రిందిమడికి దిగుటకు ఏ యింజనీరును గీత గీయలేదు. ఇంకాల మెట్టుమళ్ళను మెచ్చుకొని వీనిని చూడకపోవుట మనకు తగదు.

ఇక కందిమాట. ఆంధ్రుని భోజనమునకు ముద్దపప్పుతో ప్రారంభము. ఆ కంది మన దేశపు పంటయే. దానికి పూర్వరూపమైన అడవికంది బస్తరు, ఒరిస్సా, తూర్పుకనుమల అడవులలో నేటికిని పెరుగుచున్నది. ఒరిస్సాలోని గోపాలపూర్, గోల్బాయి శాసన్ అను పాతదిబ్బల త్రవ్వకములలో మూడువేల యేండ్లనాటి కందిగింజలు దొరికినవి. టియోసింటెను మొక్కజొన్నగా మార్చిన మెక్సికోజనుల వంటివారే, అడవికందిని చేనికందిగా మార్చిన పేరులేని కర్షకులు ఈ కొండల, అడవుల ప్రాంతమున నుండిరి. బల్సాస్ లోయకు ప్రపంచమున ఎంత గౌరవమో, ఈ కనుమలకును మన వంటయింట అంత గౌరవము చెల్లవలెను.

వరివిషయము మరింత విశేషము. జయపురపు మన్యము వరిరకముల పుట్టయని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1950 దశకమున కటకములోని కేంద్ర వరి పరిశోధనాలయమువారు ఆ ప్రాంతమున సంచరించి వేయికి మించిన నాటురకములను సేకరించిరి. కోరాపుటు సంప్రదాయవ్యవసాయమును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ ప్రపంచప్రాముఖ్యము గల వారసత్వముగా గుర్తించినది. పోర్జతెగకు చెందిన కమలా పూజారి యను వృద్ధురాలు జీవితమంతయు నాటువిత్తనములు కూడబెట్టి, 2019లో పద్మశ్రీ పొంది, 2024లో మరణించినది. కొండజనులు మార్పునకు విముఖులను అపవాదును గూర్చి యొకమాట: అమెరికా మొక్కజొన్నను, రాజ్మాను, ఆఫ్రికా కాఫీని స్వీకరించి తమ వాలులలో ఇముడ్చుకొన్నవారు మార్పునకు విముఖులెట్లగుదురు?

అనాగరికులను మాట

ఇందుపై కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును. కొండజనులు నగరములు కట్టలేదు, లిపి నేర్వలేదు; వారిని మాయాలతో, ఇంకాలతో నెట్లు పోల్చుదురు? పోలిక కోటలలో లేదు, పొలములో నున్నది. ఇంకాలకు సైతము మనమెరిగిన లిపి లేదు. ముడులు వేసిన రంగుత్రాళ్ళతో కోటిమంది సామ్రాజ్యపు లెక్కలు నడపిరి. వ్రాతలేనిచోట జ్ఞానము లేదనుట చదువుకొన్నవాని గర్వమే గాని సత్యము కాదు. ఏ వాలున ఏ విత్తనము, ఏ నక్షత్రమునకు ఏ పని, ఏ ఆకు ఏ జ్వరమునకు, ఈ విద్యయంతయు నోటనే నిలిచినది.

మరియొక ఆక్షేపణ నరబలి. అజ్టెకుల గుడులలో నరబలి జరిగినమాట నిజము. కోందులలో మెరియా యను నరబలి యుండినమాటయు నిజము. 1845లో ఇంగ్లీషు ప్రభుత్వము దానిని మాన్పించుటకు ప్రత్యేకోద్యోగులను నియమించినది. దానిని దాచుట మన పని కాదు; అది ఘోరమే. కాని ఆ ఘోరమును మాన్పించిన చేయి, ఆపైన కొండను, అడవిని, చింతచెట్టును ఎందులకు పట్టుకొనవలెను? దొంగను పట్టవచ్చినవాడు ఇంటిని వ్రాయించుకొనిన, అతనిని రక్షకుడనము. మెక్సికోలో స్పెయినువారు చేసినదియు నదియే. బలిని నిందించినవారు బంగారమును, నేలను, గనికూలికి మనుష్యులను తీసికొనిరి.

రెండు పతనములు

1521 ఆగస్టు 13వ తేదీన టెనోచ్‌టిట్లాన్ పడిపోయెను. 1532లో ఇంకాచక్రవర్తి అతావాల్పను పిజారో బంధించి, గదినిండ బంగారము పుచ్చుకొని, మరుసటియేట చంపించెను. 1562లో మానీ అను గ్రామమున డియేగో దె లాందా యను క్రైస్తవసన్యాసి మాయాల గ్రంథములను కుప్పవేసి తగులబెట్టించెను. నేడు మిగిలినవి నాలుగే. కత్తికంటె స్ఫోటకము అధికముగా జనమును చంపినది. ఆ రోగమెరుగని శరీరములు గుంపులుగుంపులుగా నేల గూలెను.

మన కొండలలో రోగము మరియొకవైపు పనిచేసినది. మన్యపుజ్వరమునకు వెరచి మైదానమువారును, దొరలును చాలకాలము ఆ కొండలెక్క సాహసింపలేదు. అమెరికాలో జయించినవానికి తోడైన వ్యాధి ఇచ్చట నివసించువారికి కావలి కాచెను. ఆ కావలిని సడలించిన మందు క్వయినా. అదియు ఆండీస్ పర్వతముల సింకోనా చెట్టుబెరడునుండి తీసినదే. కొండజనుల యెరుకయే మరియొక కొండకు దారి తెరచుట చరిత్రలోని విచిత్రము.

దారి తెరచుకొన్నపిమ్మట ప్రభుత్వము వచ్చెను, దాని వెనుక షావుకారు వచ్చెను. అరకునకు నైరృతిదిక్కున గోదావరికొండలలో 1879లో రంపవాసులు తిరుగబడుటకు కల్లుపన్నును, పోలీసుల పీడయు, షావుకార్ల అన్యాయపు అప్పులును కారణములు. 1882లో మద్రాసు అడవిచట్టము వచ్చి, రక్షితారణ్యములలో పోడు నేరమైనది. బీడు విడుచుటకు చోటు చాలక, విడిచిన నేలకే త్వరగా మరలవలసి వచ్చి, పోడు నిజముగనే నేలకు చేటైనది. చేటునకు కారణమైన చట్టమును విడిచి, పోడునే నిందించుట నాటినుండి ఆచారమైనది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై విరుచుకుపడినప్పుడు ఆయన వెంట నిలిచినది ఈ కొండజనమే. 1924 మే 7వ తేదీన ఆయన బలియయ్యెను. ఆయన చిత్రపటము మన యిండ్లలో కలదు. ఆయన యెవరికొరకు ప్రాణమిచ్చెనో వారికి మన పద్దుపుస్తకములలో మాత్రము అప్పులే కలవు. దొర వెడలిపోయెను, షావుకారు నిలిచెను. ఆ షావుకారు మనవాడు. ఈ సత్యమును జాతీయాభిమానము గలవారు తమకుతామే చెప్పుకొనవలెను.

నేటి కర్తవ్యము

స్వరాజ్యము వచ్చినపిమ్మట కొంత న్యాయము జరిగినది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానికి 1970లో జరిగిన సవరణయు షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి ఇతరులకు పోరాదని కట్టడి చేసినవి. బొర్రా గ్రామములలో గనులకై కౌళ్ళిచ్చినప్పుడు సమత యను సంస్థ న్యాయస్థానముల కెక్కగా, 1997లో సుప్రీముకోర్టు షెడ్యూలు ప్రాంతమున ప్రభుత్వము సైతము గిరిజనేతరులకు భూమిని గనికౌలుగా నీయరాదని తీర్పు చెప్పినది. ఎవరో కనుగొన్నదని చెప్పబడు బొర్రా యెవరిదో, ఆ తీర్పు దేశమునకు తెలిపినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము, కొండజనులకు జరిగిన చారిత్రకాన్యాయమును తన పీఠికలోనే యొప్పుకొన్నది.

కాని చట్టము కాగితమున నుండును. భూమి బినామీపేరున జారును. విత్తనము అంతకంటె మెల్లగా, చప్పుడు లేక జారిపోవును. విత్తనము పోయిన నేమగునో 1845లో ఐర్లండుదేశము చూచినది. ఆండీసులో వేలరకములుగ నున్న బంగాళదుంపను అచ్చటివారు ఒకటిరెండు రకములుగ మాత్రమే నాటుకొనిరి. ఒక తెగులు వచ్చెను. నిలువగల రకము లేదు. ఆకలితోను, రోగములతోను పదిలక్షలమంది మరణించిరి. ఆండీస్ రైతు వేలరకములు దాచుట మూఢత్వము కాదనియు, అదియే వారి ధాన్యాగారమనియు అప్పుడు తెలిసినది. మన జయపురపు వరిరకములు, అరకు సామలు, కొండకందులు అట్టి ధాన్యాగారములే. కృష్ణా గోదావరి మండలములలోని మాగాణికి రేపు వచ్చు తెగులునకు మందు, నేడు మనము లెక్కచేయని కొండగంపలో నుండవచ్చును.

కావున మైదానపు భూస్వాములకును, పట్టణములలోని విద్యావంతులకును మా మనవి మూడుమాటలు. కొండవారి భూమిని ఏ పేరునను కొనకుడు. సంతలో వారి ధాన్యమునకు తూకములోను, ధరలోను న్యాయము చేయుడు. నాటురకమునకు గిరాకి యున్ననే విత్తనము నిలుచును. అన్నిటికంటె ముందుగా, మన బాలుర పాఠములలో అనాగరికులను మాటను తుడిచివేయుడు. మాయాజాతివారు నశించిరని యూరపు చాలకాలము వ్రాసినది. నేడు మెక్సికో, గ్వాటిమాలలలో లక్షలకొలది మాయాలు తమ భాష మాటలాడుచు, తమ మొక్కజొన్న విత్తుచున్నారు. మన కొండజనులును మ్యూజియములోని బొమ్మలు కారు, సజీవులైన కర్షకులు. మనము తిను పప్పునకు ఋణదాతలు. ఋణమును తీర్చలేకున్నను, ఋణమున్నదని యొప్పుకొనుట మర్యాదస్థుల ధర్మము.